మీ ఊరి పేపర్లో మ్యాచ్ ఎందుకు పూర్తవదు?

"ఒరే, ఆ మ్యాచ్ అయిపోయిందా, నేదా? మీ పేపర్లో ఇంకా ఆడతన్నారు."

ఇచ్ఛాపురం నుంచి మా మావయ్య ఫోన్. టైమ్ పొద్దున్న ఆరున్నర. స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసేవాడు రాత్రి రెండున్నరకు ఇల్లు చేరతాడని ఆయనకు బాగా తెలుసు. అయినా చేస్తాడు. పేపర్లో తప్పు దొరికితే ఎవరికి చెప్పుకోవాలో తెలిసిన అదృష్టవంతుడు మరి.

అది 2025 మార్చి 25. ముందు రోజు రాత్రి ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్, లక్నో సూపర్ జెయింట్స్ ఆడాయి. లక్నో 209 కొట్టింది. మిచెల్ మార్ష్ 72, పూరన్ 75. ఢిల్లీ 65 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. మావయ్య చేతిలోని పేపర్లో కథ అక్కడితో ఆగిపోయింది. పైన నేను పెట్టిన హెడ్డింగ్: "విజయం దిశగా లక్నో". తర్వాత జరిగింది మీకు తెలుసు. అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. తొమ్మిది వికెట్లు పడ్డాక, ఇంకా మూడు బంతులుండగా, సిక్స్‌తో మ్యాచ్ ముగించాడు. విశాఖ సిటీ పేపర్లో ఇదంతా వచ్చింది. పేరు అదే, తేదీ అదే, ధరా అదే.

ఇంతకీ మ్యాచ్ జరిగింది ఏ లండన్‌లోనో కాదు, మన విశాఖ మధురవాడలో. మావయ్య బాధల్లా అదే. "ఊళ్లో ఆట ఊళ్లోనోళ్లకేనేటి?"

జిల్లాల వాళ్లంటే పేపర్లకు చులకనని ఆయన అనుమానం. రిపోర్టర్ పడుకుండిపోయాడని మా అత్తయ్య అనుమానం. రెండూ కాదు. దీని వెనక ఒక లెక్క ఉంది. దాన్ని మామూలుగా చేస్తే అర్థం కాదు, వెనక నుంచి చేసుకురావాలి.

పాఠకుడి గుమ్మం దగ్గర మొదలుపెడదాం. ఇచ్ఛాపురంలో పేపర్ ఐదున్నర, ఆరు మధ్య ఇంట్లో పడాలి. అలా పడాలంటే ఏజెంట్ చేతికి నాలుగున్నరకల్లా కట్టలు అందాలి. ఎందుకంటే మెయిన్ పేపర్లో జిల్లా పేపర్ దూర్చాలి, పాంప్లెట్లుంటే అవీ పెట్టాలి, లైన్ల వారీగా కుర్రాళ్లకు పంచాలి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాదాపు 240 కిలోమీటర్లు. ఖాళీ కారులో నాలుగు గంటల్లో పోవచ్చు. పేపర్ వ్యాన్ అలా పోలేదు. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట... ప్రతి చోటా హైవే దిగి ఊళ్లోకి వెళ్లి, కట్టలు దించి, మళ్లీ హైవే ఎక్కాలి. ఐదు గంటలు దాటుతుంది. అంటే వ్యాన్ రాత్రి పదకొండుకు ఇక్కడ కదలాలి. కట్టలు కట్టి ఎక్కించడానికి కాసేపు, కాపీలు కొట్టడానికి కాసేపు, ప్లేట్లు తీసి మెషీన్‌కు బిగించడానికి కాసేపు తీసేయండి. నా చేతిలో పేజీ ఉండగలిగేది రాత్రి పదింపావు వరకే. మేం దీన్ని "పేజీ వదలడం" అంటాం. వదిలాక వెనక్కి రాదు, కన్నీళ్లు పెట్టుకున్నా రాదు.

ఇక ఆట వైపు లెక్క. ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యేది ఏడున్నరకు. ఒక ఇన్నింగ్స్‌కు నిబంధన ప్రకారం గంటన్నర. మధ్యలో ఇరవై నిమిషాల విరామం, మళ్లీ గంటన్నర. కాగితం మీద పదకొండుకు పది నిమిషాల ముందు అయిపోవాలి. అయిందెప్పుడు? ఫీల్డింగ్ సర్దుళ్లు, థర్డ్ అంపైర్ రివ్యూలు, గాజువాక దాకా ఎగిరిపోయినట్టు అనిపించే బంతిని వెతకడాలు. పదకొండు దాటకుండా ముగిసిన రాత్రులు నాకు పెద్దగా గుర్తులేవు. టైమ్ దాటితే సర్కిల్ బయట ఒక ఫీల్డర్‌ను తగ్గించే శిక్ష ఉన్నా ఇదే పరిస్థితి.

పదింపావుకు పేజీ వదలాలి, ఆట పదకొండు దాటాక అవుతుంది. ఈ రెండు గడియారాలూ ఏ రోజూ కలవవు. మావయ్య ఫోన్‌కు అసలు కారణం ఇదే.

అందుకే పేపర్ ఒకటే అయినా ఎడిషన్లు చాలా. దూరం వెళ్లేది ముందు. దీన్ని ఇప్పటికీ కొంతమంది పాతవాళ్లు "డాక్" అంటారు, టపాలో పోయే రోజుల పేరు. తర్వాత మధ్య దూరాలు: విజయనగరం, నర్సీపట్నం, అనకాపల్లి. చివరికి సిటీ. గాజువాకకో గోపాలపట్నానికో కట్ట వెళ్లడానికి అరగంట చాలు కాబట్టి సిటీ పేజీ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, ముప్పావు దాకా ఉంచుకోవచ్చు.

ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లెక్క కిలోమీటర్లది కాదు, గంటలది. పాడేరు విశాఖకు శ్రీకాకుళమంత దూరమే, కాస్త అటూ ఇటూ. కానీ ఘాట్ రోడ్డులో, అందులోనూ డిసెంబరు మంచులో, డ్రైవర్ రెండో గేరులో పాక్కుంటూ వెళ్తాడు. ఆపైన చింతపల్లి, సీలేరు వైపు కట్టలు ఇంకో బండి ఎక్కాలి. కాబట్టి పాడేరు పాఠకుడు ఆటల పేజీ దృష్టిలో ఇచ్ఛాపురానికి పక్కింటివాడు. మ్యాపులో ఎక్కడున్నాడో అనవసరం.

తెలుగు వాళ్లకు తెల్లవారేసరికి పేపర్ గుమ్మంలో ఉండాలన్న అలవాటు కూడా ఎప్పట్నుంచో ఉన్నది కాదు. విజయవాడ నుంచి వచ్చే పేపర్లు విశాఖ చేరేసరికి బాగా పొద్దెక్కిపోయే రోజులున్నాయి. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలో మొదలైనప్పుడు దాని పెద్ద బలం ఇదే, తెల్లారకముందే ఇంటికి రావడం. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు, అంటే చిన్న సైజు జిల్లా పేపర్లు వచ్చాక మిగతా పేపర్లూ జిల్లాకో ఎడిషన్ బాట పట్టాయి. మీ మండలం వార్త మీకు రావడం మొదలైంది. దానికి ఎవరూ చెప్పని ధర ఒకటుంది: ఎడిషన్లు పెరిగినకొద్దీ ప్రెస్ ముందు క్యూ పెరిగింది.

ఎందుకంటే మెషీన్ ఒకటే. ఇచ్ఛాపురం కాపీలు పూర్తయితే తప్ప విజయనగరం ప్లేట్లు ఎక్కవు. నేను "ఒక్క ఓవర్ ఆగుదాం" అని పది నిమిషాలు ఆపితే ఆ పది నిమిషాలు ఒక్క వ్యాన్‌తో పోవు. తర్వాతి ఎడిషన్ లేటు, దాని వ్యాన్ లేటు, అక్కడి నుంచి పల్లెలకు పోయే మొదటి బస్సు మిస్. ఒక మోస్తరు ఊరికి పేపర్ ఎనిమిదింటికి చేరిందనుకోండి, అప్పటికి టీ బడ్డీ దగ్గర జనం పలచబడతారు. ఆ రోజు కాపీలు కట్టలు కట్టలుగా మిగిలిపోతాయి. సర్క్యులేషన్ వాళ్లు మర్నాడు నా సీటు దగ్గరికి వస్తారు. అశుతోష్ శర్మ ఎంత బాగా ఆడాడో వాళ్లకు అనవసరం.

ఇప్పుడు కాస్త ప్రెస్ లోపలికి వెళ్దాం. చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది.

రంగుల పేజీకి నాలుగు ప్లేట్లు కావాలి: నీలం, గులాబీ, పసుపు, నలుపు. అక్షరాలు మామూలుగా నలుపు ప్లేటు మీదే ఉంటాయి. స్కోరు మారితే, వార్త మారితే నలుపు ప్లేటు ఒక్కటి కొత్తది తీస్తే చాలు. ఫొటో మార్చాలంటే నాలుగూ తీయాలి. టైమ్ తరుముతుంటే డెస్క్ ఏం చేస్తుంది? వార్త మార్చి ఫొటో ఉంచేస్తుంది. గెలిచింది ఒకరు, ఫొటోలో బ్యాట్ ఎత్తింది ఇంకొకరు అయిన పేజీలు మీరు చూసే ఉంటారు. ఆ మార్చి రాత్రి మా మధ్య ఎడిషన్‌లో అదే జరిగింది. హెడ్డింగ్‌లో ఢిల్లీ గెలిచింది, కింద నికొలస్ పూరన్ సిక్స్ కొడుతున్నాడు. "మీవాళ్లకు ఆట తెలీదా?" అని ఒకాయన ఎక్కడో కామెంట్ పెట్టాడు. ఆట తెలుసు సార్, మూడు ప్లేట్లు మిగుల్చుకున్నాం.

ఇంకోటి. కొన్ని పేపర్లలో ఆటలు చివరి పేజీలో ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? పేపర్ విప్పి పరిస్తే తెలుస్తుంది. పన్నెండు పేజీల పేపర్లో ఒకటో పేజీ, పన్నెండో పేజీ ఒకే కాగితానికి ఒకే వైపున ఉంటాయి. ఆ రెండూ కలిసే అచ్చవుతాయి. మొదటి పేజీ ఎలాగూ అందరికంటే చివర్లో వదులుతారు, రాజకీయాలు నిద్రపోవు కాబట్టి. దాని జంట పేజీలో ఆటలుంటే వాటికీ ఆ చివరి నిమిషాలు దక్కుతాయి. ఇప్పుడు మొదటి పేజీ మీద, చివరి పేజీ మీద యాడ్స్ వాళ్ల కన్ను పడ్డాక ఆటలు లోపలికి జరిగిపోయిన పేపర్లే ఎక్కువ. లోపలికి జరిగిన ప్రతిసారీ మాకు కొన్ని నిమిషాలు పోతాయి.

వన్డేలు వేరే లెక్క. మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలైతే తొమ్మిదింపావుకల్లా అయిపోవాలి. 2018 అక్టోబరు 24న వెస్టిండీస్‌తో మ్యాచ్ ఇలాంటిదే. కోహ్లీ 157 నాటౌట్, వన్డేల్లో పదివేల పరుగులు దాటింది ఇక్కడే. షై హోప్ ఆఖరి బంతికి ఫోర్ కొట్టి 321 దగ్గర టై చేశాడు. అంత టెన్షన్ మ్యాచ్ అయినా అన్ని ఎడిషన్లకూ అందింది. 2023 మార్చి 19న ఆస్ట్రేలియాతో అయితే మరీ విడ్డూరం. మనవాళ్లు 26 ఓవర్లలో 117కు ఆలౌట్. స్టార్క్‌కు ఐదు వికెట్లు. వాళ్లు 11 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టేశారు. ఫ్లడ్‌లైట్ల పని పెద్దగా లేకుండానే ఆట ముగిసింది. మాకు రాత్రంతా ఖాళీ, సగం పేజీ నింపడానికి వార్తలు వెతుక్కున్నాం. మావయ్యకు ఆ రోజు మాత్రం పూర్తి స్కోరు బోర్డుతో సహా అంతా అందింది. "ఓడిపోతే మాత్రం బాగా పంపిస్తారు" అన్నాడు.

2025 మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు ఇక్కడ మధ్యాహ్నం మూడుకు పెట్టారు. అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో మ్యాచ్ వాన వల్ల ఆలస్యంగా మొదలైంది. రిచా ఘోష్ 94 కొట్టినా నదీన్ డిక్లెర్క్ 84తో లాగేసుకుంది. పన్నెండో తేదీన మనం 330 చేస్తే ఆస్ట్రేలియా ఛేదించింది. అలీసా హీలీ 142. మహిళల వన్డేల్లో అప్పటికి అంత పెద్ద ఛేదన లేదు. ఆ నెలలోనే సెమీఫైనల్లో మనవాళ్లు అదే ఆస్ట్రేలియా మీద 339 లక్ష్యాన్ని ఛేదించి ఆ రికార్డు లాక్కున్నారు, అది వేరే ఆనందం. వానాకాలపు చివర్లో మూడుకు మొదలయ్యే మ్యాచ్ అంటే డెస్క్‌లో అందరి కళ్లూ ఆకాశం వైపే. ఒక్క గంట వాన పడితే మాకు ఒక జిల్లా పోయినట్టే.

ఆట విదేశాల్లో ఉంటే భూగోళం కూడా దిగుతుంది రంగంలోకి. ఆస్ట్రేలియాలో టెస్టు అంటే మాకు పండగ. మనం పళ్లు తోముకునేసరికి మొదలై మధ్యాహ్నానికి ఆ రోజు ఆట అయిపోతుంది. ఇంగ్లాండ్‌లో టెస్టు మూడున్నరకు మొదలై రాత్రి పదకొండు దాకా సాగుతుంది, డాక్‌కు చివరి సెషన్ పోతుంది. వెస్టిండీస్ అయితే మాట్లాడుకోనక్కర్లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్ 2024 ఆగస్టు 8 రాత్రి మన టైమ్ ప్రకారం 11:55కు మొదలైంది. 89.45 మీటర్లతో రజతం వచ్చిందని రాసేసరికి తారీఖు మారిపోయింది. అదే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మేలో కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్స్ వంద మీటర్ల హర్డిల్స్ స్వర్ణం 12.96 సెకన్లలో గెలిచినప్పుడు, కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుండటం మాకు కలిసొచ్చింది. సాయంత్రమంతా చేతిలో ఉంది. ఫొటో ఎంచుకుని, పాత రికార్డులు తీసి, తీరిగ్గా రాసుకున్నాం. ఇచ్ఛాపురానికీ పాడేరుకీ అదే పేజీ వెళ్లింది.

2023 ఐపీఎల్ ఫైనల్ ఒక్కటీ విడిగా చెప్పాలి. మే 28న జరగాల్సింది వానతో 29కి జరిగింది, మళ్లీ వాన. చెన్నైకి 15 ఓవర్లలో 171 లక్ష్యం. జడేజా ఆఖరి రెండు బంతులకు సిక్స్, ఫోర్ కొట్టేసరికి 30వ తేదీ వచ్చి గంటన్నర దాటింది. జిల్లాలకు మేం పంపింది కవర్లు కప్పిన పిచ్ ఫొటో. సిటీకి మాత్రం ప్రెస్ వాళ్లను బతిమాలి, వ్యాన్ల వాళ్లకు టీలు పోయించి ఆపాం.

ఇక భాష. పాత పేపర్లలో "కడపటి వార్తలందేసరికి" అనే మాట చూసే ఉంటారు. చదివేవాళ్లకు అదేదో అలంకారంలా ఉంటుంది. నిజానికి అది గడియారం ముద్ర. ఇంతవరకే నాకు తెలుసు, దీని తర్వాత జరిగినదానికి నాది పూచీ కాదని చెప్పడం. ఇప్పుడు మా కుర్రాళ్లు ఆ మాటను పాతకాలపుదని తీసేస్తున్నారు. నాకు అది నచ్చదు. అది తీసేసిన చోట "విజయం దిశగా" లాంటివి వచ్చి కూర్చుంటాయి. డాక్ ఎడిషన్ రాసేవాడు రేపు పొద్దున్న ఆరింటికి కూడా అబద్ధం కాని వాక్యం రాయాలి. "ఏడు ఓవర్లు ముగిసేసరికి ఢిల్లీ ఐదు వికెట్లు కోల్పోయింది" అనేది ఎప్పటికీ నిజమే. "విజయం దిశగా లక్నో" అనేది రాత్రి పదింపావుకు మాత్రమే నిజం. ఆ హెడ్డింగ్ పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

హడావుడిలో ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. 2023 నవంబరు 23న ఇక్కడే ఆస్ట్రేలియాతో టీ20. మనకు 209 కావాలి. చివరి బంతికి ఒక్క పరుగు కావాల్సి ఉండగా రింకూ సింగ్ సిక్స్ కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. మా వాడొకడు విజయనగరం ఎడిషన్‌కు "రింకూ సిక్సర్‌తో గెలుపు" అని కొట్టేశాడు. కానీ ఆ బంతి నోబాల్. నోబాల్ పడగానే ఆ ఒక్క పరుగు వచ్చేసింది, మ్యాచ్ అక్కడే ముగిసింది. తర్వాత బంతి ఎక్కడికి పోయినా లెక్కలోకి రాదు. భారత్ 209/8, రింకూ 22 నాటౌట్. మరి తప్పు ఎలా దొరికింది? కూడికలో. స్కోరు బోర్డు కొట్టాక బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కలిపితే మొత్తం రావాలి. మా వాడు రింకూకి 28 వేశాడు, కలిపితే ఆరు ఎక్కువొచ్చాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపిపెట్టినా నేను మాత్రం పెన్నుతో ఒకసారి కలుపుతాను.

మావయ్యలాంటి వాళ్లు అడిగే న్యాయమైన ప్రశ్న: శ్రీకాకుళంలోనే అచ్చేయొచ్చు కదా? వేయొచ్చు. పేజీ ఇప్పుడు కంప్యూటర్ ఫైలే, ఎక్కడికైనా క్షణంలో పోతుంది. కొన్ని పేపర్లు జిల్లాల్లో కూడా ప్రెస్సులు పెట్టుకున్నాయి. కానీ మెషీన్, రాత్రి షిఫ్టు మనుషులు, ఇవన్నీ కాపీలు తక్కువైనా దాదాపు అంతే ఖర్చు. ఉన్న కాపీలు తగ్గుతున్న రోజుల్లో కొత్త ప్రెస్ పెట్టమని యజమానిని అడిగే ధైర్యం నాకు లేదు. పోనీ పెట్టినా శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురానికి ఇంకా 130 కిలోమీటర్ల పైచిలుకు ఉంది. రెండు గంటలు కలిసొస్తాయి. అశుతోష్ ఇన్నింగ్స్ పడుతుంది, జడేజా ఫోర్ పడదు.

ఈ-పేపర్లో సిటీ ఎడిషన్ తెరిచి చూసుకోమని మావయ్యకు నేర్పాను. ఫోన్లో స్కోరు ఎలాగూ రాత్రే తెలుస్తుంది. అయినా ఆయనకు కాగితం మీద పడితేనే మ్యాచ్ అయినట్టు. అందుకే డాక్ వాళ్లకు మేం ఇంకో పని చేస్తాం. మిగిలిన సగం ఆటను మర్నాటి పేజీలో ఒక మూల పెడతాం, పూర్తి స్కోరు బోర్డుతో. సిటీ పాఠకుడికి ఆ మూలలో వేరే వార్త ఉంటుంది. మార్చి 24 మ్యాచ్ మావయ్యకు 26న అందింది. చదివి ఫోన్ చేసి "గెలిచార్రా" అన్నాడు.

ఆ వారంలోనే ఇచ్ఛాపురం వ్యాన్ డ్రైవర్ ప్రెస్ గేటు దగ్గర టీ తాగుతూ కనిపించాడు. శ్రీకాకుళం వైపు పోవాలంటే హైవే మీద మధురవాడ దాటాలి, స్టేడియం రోడ్డు పక్కనే. ఆ రాత్రి కట్టలు వేసుకుని అక్కడికి చేరేసరికి లైట్లు ఇంకా వెలుగుతున్నాయట. పోలీసులు జనం కోసం బండ్లు ఆపారు. పక్కనున్న క్లీనర్ కుర్రాడు ఒక కట్ట చివర పట్టుకుని ఆటల పేజీ చదువుతున్నాడు. "లక్నో గెలుస్తందట అన్నా" అన్నాడట. అప్పుడే లోపల్నుంచి అరుపు. "ఆ అరుపు గెలిచినోళ్లదా, ఓడినోళ్లదా అని ఆడికీ తెలీదు, నాకూ తెలీదు. పోలీసాయన చెయ్యి ఊపాడు, బండి తీసేశాను" అన్నాడు డ్రైవర్.